ఏడో నంబరు చేదాకు

ల్యాబు, మూడో అంతస్తు
మార్చి 4

అత్తా,

ఫోను చేస్తే నువ్వు కుట్టు మెషీను తొక్కుతూ "ఆఁ, ఆఁ" అంటావు తప్ప ఒక్క ముక్క వినవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అవసరం నాదే.

మీ మేడ మీద కుండీల్లో పెరిగే చేదాకు కావాలి. రెండు కిలోలు, నీడలో ఎండబెట్టి, గుడ్డ సంచిలో. ఏ రోజు కోశావో, ఎన్ని రోజులు ఎండబెట్టావో చీటీ రాసి లోపల పెట్టు. అది లేకపోతే ఇక్కడ ఆకును ఆకుగా ఒప్పుకోరు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ముక్కు మూసి నోట్లో పోసేదానివే, అదే ఆకు. దానికో పొడుగాటి శాస్త్రీయ నామం ఉందని నాకూ ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఎందుకో కూడా చెబుతాను, లేకపోతే నీకు నిద్రపట్టదు. మా దగ్గర ఎలుక నుంచి తీసిన కణాలు ఉన్నాయి. మామూలుగా చూస్తే సన్నగా, పొడుగ్గా, ఏ ఆకారమూ లేకుండా ఉంటాయి. వాటికి ఫలానా మందులు కలిపిన ద్రవం పోస్తే పది రోజుల్లో గుండ్రంగా ఉబ్బి, లోపల నూనె చుక్కలు నింపుకుని కొవ్వు కణాలవుతాయి. అలా మారకుండా ఏ మొక్క సారం ఆపుతుందో చూడటమే నా ఉద్యోగం. ఇప్పటికి ఆరు మొక్కలు చూశాను. ఆరూ దండగే, కణాలు హాయిగా లావెక్కాయి.

ఆగస్టు చివర సమీక్ష ఉంది. చూపించడానికి ఏదో ఒకటి లేకపోతే ఈ సీటు ఇంకొకరికి వెళుతుంది. అందుకని ఏడో నంబరుగా మనింటి మొక్కను తెచ్చుకుంటున్నాను. సెంటిమెంటు అనుకో.

నీ
బంతి


కుట్టు గది
మార్చి 15

బంతీ,

ఆకు పంపాను. చీటీ కూడా పెట్టాను. మార్చి ఏడు పొద్దున కోశాను, ఏడు రోజులు ఎండబెట్టాను. కోసేటప్పుడు గాలి ఎటు వీస్తోందో కూడా రాయమంటావా?

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ "ఏదో చదువుతోంది" అనేదాన్ని. ఇప్పుడు మా మేనకోడలు ఎలుకల్ని సన్నబరుస్తోంది అంటున్నాను. సంగీతం టీచరు పది నిమిషాలు నవ్వింది. ఆవిడ గౌనుకి నడుము దగ్గర నిరుడు రెండుసార్లు కుట్టు విప్పాను, అది మాత్రం నవ్వులాట కాదు.

ఒక సందేహం. కణాలు లావెక్కితే ఎక్కనీ, నీకేం నష్టం? ఆ కొవ్వు కణాలు ఊరికే పుడతాయా? ఏదో పని ఉంటేనే కదా దేవుడు పెట్టింది.

ఈ మధ్య నా మంచి టేపు కొనన ఉన్న రేకు ఊడిపోయింది. అడుగు సొరుగులోంచి పాత గుడ్డ టేపు తీసి వాడుతున్నాను. నువ్వొచ్చేటప్పుడు ఒకటి కొనుక్కురా.

సరిగ్గా తిను. సీటు కోసం కడుపు మాడ్చుకోకు.

అత్త


ల్యాబు
మే 2

అత్తా! అత్తా!

నీ ఆకు పనిచేసింది.

కుదురుగా రాయాలని ఉంది కానీ కాళ్లు నేల మీద నిలవడం లేదు. విను. పది రోజులయ్యాక కణాల మీద ఒక ఎర్ర రంగు పోస్తాం. అది నూనె చుక్కలకి మాత్రమే అంటుకుంటుంది. తర్వాత మూడుసార్లు కడుగుతాం. కొవ్వు పట్టిన గిన్నె కుంకుమ ఒలికినట్టు ఎర్రగా కనబడుతుంది. మిగతా ఆరు మొక్కలకీ అదే ఎరుపు. నీ ఏడో నంబరు గిన్నె మాత్రం తెల్లగా, మల్లెపువ్వులా ఉంది!

పెద్ద మేడమ్ (మా ల్యాబు ఆవిడదే) రెండు సంవత్సరాల్లో మొదటిసారి నా భుజం తట్టింది. నిన్న క్యాంటీన్లో నన్ను "ఏడో నంబరు" అని పిలిచారు.

ఇంక నువ్వు కుట్టుపని మానేసి ఆ ఆకు రోజుకో గ్లాసు కాచుకు తాగు. మనిద్దరం సన్నబడిపోయి, ఎవరు ఎవరో గుర్తుపట్టక వీధిలో ఒకర్నొకరు దాటిపోదాం.

నీ ప్రశ్నకి జవాబు: కొవ్వు కణాలకి పని ఉంది. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ దాచుకుంటాం. అవి మరీ లేకపోతే ఆ నూనె కాలేయంలోకీ, కండల్లోకీ పోయి కూర్చుంటుంది. అదింకా చెడ్డది. కాబట్టి ఆపాలి గానీ మొత్తం తుడిచెయ్యకూడదు.

నీ బంతి (ఇంకా గుండ్రంగానే)


కుట్టు గది
మే 14

బంతీ,

నీ ఉత్తరం చదివి పోస్టాఫీసు ఆవిడకీ, పళ్ల డాక్టరుకీ, సంగీతం టీచరుకీ చదివి వినిపించాను. గిన్నె తెల్లగా ఉందన్న చోట ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

మిగిలింది కణంలో దాచుకోవడం గురించి రాశావే, అది నాకు బాగా అర్థమైంది. మేం కుట్టు లోపల వేలెడు బట్ట మడిచి వదులుతాం. మనిషి లావెక్కితే విప్పుకోవడానికి పనికొస్తుంది. అది వదలని దర్జీ దగ్గరకి రెండోసారి ఎవరూ వెళ్లరు.

కొన్ని చిన్న ప్రశ్నలు. ఒక కస్టమరు అడిగింది, నాకు కాదు. ఆకు పచ్చిది కాస్తే మంచిదా, ఎండుదా? గ్లాసుకి ఎన్ని చెంచాలు? పరగడుపునా, తిన్నాకా? తొందరేం లేదు, తీరిగ్గా రాయి.

అత్త


ల్యాబు
జూన్ 3

అత్తా,

పని పీకల దాకా ఉంది, అందుకే రెండు ముక్కలు. ఇక్కడ ఎండుదే వాడుతున్నాం. చెంచాల లెక్క నాకెలా తెలుస్తుంది, నేను చుక్కల్లో పోస్తాను. ఆ కస్టమరుని కాస్త ఓపిక పట్టమను.

సమీక్షకి బొమ్మలు తయారవుతున్నాయి. ఎడమవైపు ఎర్ర గిన్నె, కుడివైపు తెల్ల గిన్నె. చూసినవాళ్లకి ఇంకో మాట చెప్పక్కర్లేదు. పెద్ద మేడమ్ అప్పుడే వచ్చే ఏడాదికి నా పేరు రాసుకుంది.

పక్క బల్ల సీనియరు మాత్రం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఆవిడ స్వభావమే అంత.

బంతి


కుట్టు గది
జులై 9

బంతీ,

ఇంక నా నోట్లో నువ్వుగింజ నానడం లేదు, చెప్పేస్తున్నాను. ఆ కస్టమరు నేనే.

నేనొక్కదాన్నే కాదు, మొత్తం ఏడుగురం. పోస్టాఫీసు ఆవిడ, పళ్ల డాక్టరు, సంగీతం టీచరు, కేకుల కొట్టు ఆవిడ, ఎదురింటి అక్కాచెల్లెళ్లిద్దరూ, నేను. మే నెల మధ్య నుంచి రోజూ పరగడుపున ఒక గ్లాసు. పెద్ద శాస్త్రవేత్తవి, నువ్వే తాగమన్నావు కదా! ఆకు కాచి సీసాల్లో పోసి పంచేది నేనే. అందరూ నన్ను డాక్టరమ్మా అంటున్నారు. యాభై ఏళ్లొచ్చాక ఒక బిరుదు దొరికింది.

ఫలితం విను. నా కొలతల పుస్తకంలో అందరి నడుమూ నిరుడు రాసిందే ఉంది కదా, మొన్న మళ్లీ కొలిచాను. సంగీతం టీచరు నలభై నుంచి ముప్పై ఎనిమిది. కేకుల కొట్టు ఆవిడ నలభై రెండు నుంచి నలభై. పళ్ల డాక్టరుకి రెండుంపావు తగ్గింది. తగ్గనివాళ్లు ఒక్కళ్లు కూడా లేరు. నువ్వు ఎలుక కణాల్లో చూసింది నేను మనుషుల్లో చూపిస్తున్నాను. ఆ పుస్తకం మీ సమీక్షకి కావాలంటే రిజిస్టరు పోస్టులో పంపుతాను.

చిన్న చిరాకు మాత్రం ఉంది. ఈ కొత్త కొలతలతో కుట్టిన గౌన్లన్నీ బిగువైపోయాయని తిప్పి పంపుతున్నారు. ఈసారి వచ్చిన బట్ట ఉతికితే కుదించుకుపోయే రకంలా ఉంది.

నాకు తిండి సయించడం లేదు. అది మందు పనిచేస్తున్న గుర్తే అని పళ్ల డాక్టరు కూడా అంది.

నీ
డాక్టరమ్మ


ల్యాబు
జులై 13

అత్తా,

పొద్దున ఫోనులో ఆపేయమని అరిచి, నువ్వు ఎందుకని అడిగేలోపు పెట్టేశాను. నోటితో చెప్పే ధైర్యం చాలలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ముందు ఇది చదువు: ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క కూడా ఎవ్వరూ తాగకూడదు. ఏడుగురూ డాక్టరు దగ్గరికి వెళ్లి కాలేయం పరీక్ష చేయించుకోవాలి. తిండి సయించకపోవడం మంచి గుర్తు కాదు.

ఇప్పుడు ఎందుకో చెబుతాను. పక్క బల్ల సీనియరు ఏదో అడుగుతుందని రాశానే, ఆవిడ అడిగింది ఒక్కటే: "ఎరుపు ఎంతుందో కొలిచావు సరే, కణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టావా?" లెక్కపెట్టలేదు. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు, ముందు కణాలు బతికున్నాయో లేదో చూడమని. ఎరుపు లేకపోవడం చూసి నేను ఆ సంగతే మరిచిపోయాను.

జూన్ ఇరవై రెండున లెక్కపెట్టాను. నూటికి ఇరవై కూడా లేవు. నీ ఆకు కొవ్వు కణాల్ని ఆపలేదు అత్తా, కణాల్నే చంపేసింది. చచ్చినవి గిన్నె అడుగు వదిలేశాయి. నేను మూడుసార్లు కడిగినప్పుడు నీళ్లతో పాటు పోయాయి. గిన్నె తెల్లగా ఉండక ఏమవుతుంది?

గిన్నెలో పోసిన మోతాదు వేరు, మీరు గ్లాసులో తాగేది వేరు. మీ ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అదే నా భయం.

ఇరవై రెండునే తెలిసింది, నీకు రాయలేదు. అందరికీ చదివి వినిపించానన్నావు, చప్పట్లు కొట్టారన్నావు. నా నోటితో కాదనలేకపోయాను. పెద్ద మేడమ్‌కి కూడా ఇంకా చెప్పలేదు. బొమ్మలు తయారుగానే ఉన్నాయి, సీనియరు బదిలీ అయి వెళ్లిపోయింది. నేను నోరు మూసుకుంటే సమీక్షలో ఆ ప్రశ్న ఎవరూ అడగరేమో అని కూడా అనుకున్నాను. నీకు కాబట్టి రాస్తున్నాను.

తాగమన్నది నేను వేసిన జోకు అత్తా. నువ్వు నా ప్రతి మాటా నెత్తిన పెట్టుకుంటావని తెలిసి కూడా వేశాను.

ఇంకొకటి. నడుము నిజంగా తగ్గితే ఆ కొలతకి కుట్టిన గౌను బిగువెందుకవుతుంది? ఆ టేపు ఒకసారి చూడు.

బంతి


కుట్టు గది
జులై 24

బంతీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో పెన్ను ముట్టుకోలేదు. ఇరవై రెండో తారీకు నుంచి నీ ఫోను వచ్చేదాకా ఇరవయ్యొక్క గ్లాసులు తాగాను. ఒక్కొక్కటీ ముక్కు మూసుకుని, మా బంతి చెప్పింది కదా అని తాగాను. నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదా?

మూడో రోజు కోపం కాస్త దిగింది. నేను మాత్రం చెప్పి తాగానా? "కస్టమరు అడిగింది" అని అబద్ధమాడాను. ఆ రోజే నిజం రాసుంటే నువ్వు ఆ రోజే ఆపేదానివి. కాబట్టి నిన్ను సగం తిడుతున్నాను, మిగతా సగం నా వాటా.

టేపు చూశాను. బట్ట మీద గీతలు గీసుకునే ఇనప స్కేలు కత్తిరింపుల బల్ల మీద ఉంది కదా, దాని పక్కన పెట్టి చూస్తే అరవై అంగుళాల గుడ్డ టేపు అరవై మూడు అంగుళాలు సాగి ఉంది! నిరుడు కొలిచింది మంచి టేపుతో, మొన్న కొలిచింది దీంతో. ఎవరి నడుమూ ఒక్క గీత తగ్గలేదు. ముప్పై ఏళ్లుగా కుడుతున్నదాన్ని, టేపుని అనుమానించకుండా బట్ట నేసినవాళ్లని తిట్టాను. మొదట సిగ్గేసింది, తర్వాత ఒక్కదాన్నే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. నువ్వు కణాలు లెక్కపెట్టలేదు, నేను టేపు చూసుకోలేదు. మన వంశంలో ఇంకెవర్నీ కొలతల జోలికి పోనివ్వకూడదు.

నవ్వు అయిపోయాక చెప్పులేసుకుని బయల్దేరాను. నీ ఫోను వచ్చిన పూటే సీసాలు వెనక్కి పంపమని కబురు పెట్టాను గానీ, ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు ఆరుగురు మనుషులకి, ఇల్లిల్లూ తిరిగి, గుమ్మంలో నిలబడే చెప్పాను. "నేను తప్పు చెప్పాను. మీ నడుము తగ్గలేదు, నా టేపు సాగింది. ఆ కషాయం మంచిది కాదని తెలిసింది. నాతో డాక్టరు దగ్గరికి రండి." మొదటి ఇంటి దగ్గర సగంలో తడబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నాలుగో ఇంటికి వచ్చేసరికి కాస్త అలవాటైంది. సంగీతం టీచరు నన్ను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఎదురింటి అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పళ్ల డాక్టరు తాగుతున్నప్పుడు పది రోజులు వాంతులు చేసుకుందట, ఆపాకే తగ్గాయట. మందు పనిచేస్తోందనుకుని నాకు చెప్పలేదు. ఆవిడ నా మీద కేకలెయ్యలేదు. "ఇంక మీ దగ్గర కుట్టించుకోను" అని మెల్లిగా చెప్పి తలుపేసుకుంది. కేకలేసినా బాగుండేది.

పరీక్షలు అయ్యాయి, పళ్ల డాక్టరు విడిగా చేయించుకుని కబురు పంపింది. అయిదుగురికి బాగానే ఉంది. నాకూ, పళ్ల డాక్టరుకీ కాలేయం లెక్క ఉండాల్సినదానికంటే పెరిగింది. ఆపేశారు కాబట్టి దిగాలి, నెలన్నరలో మళ్లీ రండి అన్నారు. భయం వేస్తోంది బంతీ. నాకు కాదు, ఆవిడకి ఏమన్నా అయితే నేనేం చెయ్యాలని.

మేడ మీద చేదాకు కుండీలు తీసెయ్యలేదు. మొక్క చేసిన తప్పేముంది?

నీ సమీక్ష గురించి నేనేమీ చెప్పను. నీ సీటు, నీ ఇష్టం.

అత్త


ల్యాబు
సెప్టెంబరు 1

అత్తా,

సమీక్ష నిన్న అయింది.

మూడు రోజుల ముందే పెద్ద మేడమ్ గదికి వెళ్లి లెక్క చూపించాను. ఆ అంకెలు చూసి, ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. జూన్ ఇరవై రెండు అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. "తప్పు చెయ్యడం వేరమ్మా, రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని టీ తాగడం వేరు" అంది. తర్వాత, సమీక్షలో నువ్వే చెప్పుకో అంది.

హాల్లో అయిదుగురు పెద్దవాళ్లు కూర్చున్నారు. ఎర్ర గిన్నె, తెల్ల గిన్నె బొమ్మ చూపించగానే వాళ్ల మొహాలు వెలిగాయి. నాకు ఆ క్షణంలో అక్కడే ఆగిపోవాలనిపించింది. నిజం, అత్తా. ఒక్క బొమ్మ తర్వాత ఆగిపోతే చాలు, వచ్చే ఏడాది కూడా ఈ బల్ల నాదే. అప్పుడు నువ్వు గుమ్మాల్లో నిలబడ్డది గుర్తొచ్చింది. నువ్వు అయిదు గుమ్మాల్లో చెప్పావు, నేను చెప్పాల్సింది ఒక్కచోటే. తర్వాతి బొమ్మ వేశాను. "నేను తప్పు చూశాను. ఏడో నంబరు కొవ్వును ఆపలేదు, కణాల్ని చంపింది. ఆ సంగతి తెలిశాక దాచాను కూడా. ఈలోపు నా మాట నమ్మి ఏడుగురు ఆ కషాయం తాగారు" అని చెప్పేశాను.

సీటు ఇంకొకరికి ఇచ్చారు. నవంబరు దాకా ఉండమన్నారు. ఏడో నంబరు నన్ను ఎలా మోసం చేసిందో, నేనెలా మోసపోయానో మొత్తం రాసిపెట్టి వెళ్లాలి, మిగతా ల్యాబుల వాళ్లు చదువుకుంటారట. ఆ పని శ్రద్ధగా చేస్తున్నాను. తర్వాత ఏం చేస్తానో తెలియదు. బాత్రూములో కాసేపు ఏడ్చాను. బయటికొచ్చి క్యాంటీన్లో రెండు ప్లేట్లు తిన్నాను.

నీ రెండో పరీక్ష ఏమైంది? అది ముందు రాయి.

బంతి


కుట్టు గది
సెప్టెంబరు 12

బంతీ,

నా లెక్క మామూలుకొచ్చింది. పళ్ల డాక్టరుది కూడా వచ్చింది. ఆవిడ సంగతి నాకెలా తెలిసిందనుకున్నావు? ఆవిడే వచ్చింది.

నిన్న మధ్యాహ్నం మెషీను మీద ఉంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తాను. చేతిలో బట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కొలత తీసుకోమని చేతులు చాపి నిలబడింది. కొత్త టేపు తీశాను. ఇనప స్కేలు పక్కన ఒకసారి పెట్టి సరిచూసుకున్నాను. నడుము కొలుస్తుంటే, మీ మేనకోడలి ఉద్యోగం ఏమైందని అడిగింది. పోయిందన్నాను. ఎందుకని అడిగింది. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాను. నువ్వు దాచిన రోజులు కూడా దాచకుండా చెప్పాను. సమీక్ష గురించి నువ్వు రాసిన ఉత్తరం కూడా చూపించాను, కోపం తెచ్చుకోకు.

నిలబడే చదివింది. మడిచి నా చేతికిచ్చింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి అంది: "ఎప్పుడైనా ఆ అమ్మాయి ఏదైనా మందు మంచిదని చెబితే నాకు కబురు చెయ్యండి. ఆ అమ్మాయి చెబితే తాగుతాను."

ఆవిడ వెళ్లాక మెషీను ఆపేసి కూర్చున్నాను. నీ సీటు పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది బంతీ. నిన్ను చూస్తే గర్వంగానూ ఉంది. ఆవిడ అన్న మాట నీకు ఈ రోజే చేరాలని ఫోను చేయబోయి మానేశాను. ఇది నువ్వు కళ్లారా చదువుకోవాలి.

అత్త